రెప్పలు లేచిన పూట

దుర్గి ఊరి శిల్పి సుబ్బాచారి కనురెప్పలు పుట్టినప్పటినుంచీ సగం వాలే ఉంటాయి. ఎదుటి మనిషిని చూడాలంటే గడ్డం పైకెత్తుతాడు, తెలియనివాళ్లు పొగరనుకుంటారు. పొద్దున ఉలి చక్కగా ఆడుతుంది, ఎండెక్కేసరికి చేతిలో సుత్తి నిలవదు. అన్నం నమిలేటప్పుడు దవడకు అరచెయ్యి ఆనించుకుంటాడు. ఊళ్లో అందరూ బద్ధకమనే అన్నారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది నరసరావుపేటలో ఒక డాక్టరు అతన్ని కాసేపు పైకి చూస్తూ ఉండమన్నాడు. రెప్పలు మెల్లగా జారిపోయాయి.

"మీ ఇంట్లో ఇంకెవరికన్నా ఇలా ఉందా?"

"మా చెల్లెలు కామాక్షికి ఉందండీ, పుట్టుకతోనే."

"మీ అమ్మానాన్నలది మేనరికమా?"

"అవునండీ."

డాక్టరు ఒక సూదిమందు వేసి పక్కనే కూర్చున్నాడు. కొంతసేపటికి రెప్పలు వాటంతటవే లేచాయి. సుబ్బాచారి గడ్డం దించి ఆయన ముఖంలోకి తిన్నగా చూశాడు.

"ఇది బద్ధకం కాదయ్యా, జబ్బు. నరం చెప్పేది కండకు సరిగా అందటం లేదు. అయితే ఈ మందు సాయంత్రానికల్లా దిగిపోతుంది."

"దిగితే దిగనీయండి. మా చెల్లెల్ని పనిదొంగంటూ వాళ్లత్త పుట్టింటికి పంపేసింది. ఆ అత్తను గూడా తీసుకొస్తా. ఆమె కళ్ల ముందరే చెల్లెలికి ఈ సూది ఎయ్యాల."

మరో వారానికి అత్త ఎదుటే కామాక్షి రెప్పలు లేచాయి. ముసలామె కోడలి మూట తనే ఎత్తుకుని తమ ఊరికి పోయే బండి దగ్గరికి నడిచింది.