పారిజాత ఒడిబియ్యం

2001లో నేను భివండీ నిజాంపురాలో, ఒక ట్రస్టు నడిపే చిన్న డిస్పెన్సరీలో నర్సును. అప్పటికే అక్కడ పన్నెండేళ్ల సర్వీసు. చుట్టూ మగ్గాల కార్ఖానాలు. వాటిలో పనిచేసేవాళ్లలో చాలామంది మా కరీంనగర్ వైపు నుంచి వచ్చినవాళ్లే. వాళ్ల జ్వరాలు, కాన్పులు, పిల్లల టీకాలు అన్నీ నా చేతుల మీదుగానే జరిగేవి. అయినా వాళ్లకు నేను "సిస్టర్"ని. ఎంత పెద్ద ముసలామె అయినా "సిస్టర్, జర సూడరాదు" అనేది. అది గౌరవమేనని నేనూ మురిసిపోయేదాన్ని, ప్రాజక్త వచ్చేదాకా.

ప్రాజక్త ముంబైలో ఒక యూనివర్సిటీలో సోషల్ వర్క్ చదువుతున్న మరాఠీ పిల్ల. కొత్తగా పెళ్లయింది. వాళ్ల చదువులో ఫీల్డ్‌వర్క్ ఉంటుంది, అంటే వారంలో కొన్ని రోజులు ఏదో ఒక బస్తీకి వెళ్లి పనిచేయాలి. మా ట్రస్టుకూ వాళ్ల విభాగానికీ ఒప్పందం కుదిరి ఆమెను మా దగ్గరికి పంపారు. తెలుగు ఒక్క ముక్క రాదు. ఈ పిల్ల ఎన్నాళ్లుంటుందిలే అనుకున్నాను.

నెల తిరక్కముందే మా గల్లీలోని లచ్చవ్వ ఆమె పేరు మార్చేసింది. మరాఠీలో ప్రాజక్త అంటే పారిజాతమేనట. "గా పేరు నాకు నోరు తిరుగది. పారిజాత అంట" అంది. ఇంకొన్నాళ్లకు పారిజాత కూడా పోయి "బిడ్డా" అయింది. పన్నెండేళ్లలో నాకు దొరకని వరస ఆ పిల్లకు నెలల్లో దొరికింది. కడుపు భగ్గుమంది నాకు.

లచ్చవ్వ పెనిమిటి రాజేశం మగ్గం కార్మికుడు. టీబీ మనిషి. మా దగ్గర టీబీకి డాట్స్ అనే పద్ధతి ఉండేది. మందు ఇంటికివ్వం, సోమ, బుధ, శుక్రవారాలు మా కళ్లముందే మింగించాలి, అదీ నెలల తరబడి. రాజేశం అప్పటికి రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ మధ్యలో మానేశాడు. ఈసారి కూడా మానేస్తే ఇక ఏ మందూ పనిచేయకపోవచ్చని డాక్టరుగారు హెచ్చరించారు. నేను పిలిస్తే "పాళీ ఉన్నది సిస్టర్" అని డ్యూటీ పేరు చెప్పి తప్పించుకునేవాడు. అదే మనిషి ఆ పిల్ల గల్లీ మొదట్లో కనబడగానే నీళ్ల గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడేవాడు. మందు మింగి, నోరు తెరిచి చూపించేవాడు కూడా. మంచిదేగా అనుకోవాలి. అనుకున్నాను కూడా, పళ్లు కొరుక్కుంటూ.

ఏప్రిల్‌లో ఆమె ఫీల్డ్‌వర్క్ అయిపోయింది. రాజేశం మందు ఇంకా సగమే అయింది. చివరి రోజున లచ్చవ్వ "కొత్తగ లగ్గమైన బిడ్డను ఉత్త చేతుల్తోని ఎట్ల సాగదోలుత?" అని తన చీరే ఆ పిల్లకు కట్టి, కూర్చోబెట్టి ఒడిబియ్యం పోసింది. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవికె గుడ్డ. "మా దగ్గరా ఉంది, ఓటీ అంటాం!" అని ఆ పిల్ల మురిసిపోయింది. ఒక్కొక్క దోసిలీ ఒడిలో పడుతుంటే బియ్యం గిన్నె పట్టుకుని పక్కన నిలబడ్డది ఎవరనుకున్నారు? నేనే.

తర్వాతి సోమవారం రాజేశం మందుకు డిస్పెన్సరీకి రాలేదు. బుధవారమూ రాలేదు. శుక్రవారం కార్ఖానాలకు సెలవు కాబట్టి ఇంట్లోనే దొరుకుతాడని వెళ్లాను.

"ఏంది రాజేశం, మందుకు రాకపోతివి?"

"ఇంక మందేంది సిస్టర్? ఒడిబియ్యం పోసి బిడ్డను సాగదోల్తిమి గద. మందు గూడ అయిపోయినట్టె."

"బిడ్డ పోతే రోగం పోతదా? నీకేమన్న మతి ఉన్నదా?"

"దగ్గు పోయింది గద. గా పిల్ల చేతుల మొదలైంది, గా పిల్లతోనే సరి."

"మరి నేను లేనా? నేనిస్తే గొంతు దిగదా?"

అతను నవ్వాడు. కోప్పడినా బాగుండేది. "నువ్వు సిస్టర్‌వి. నీకు మస్తు మంది ఉన్నరు" అన్నాడు. లచ్చవ్వ కూడా కాదనలేదు. ఆ మాట మీద నేను ఇంటికెళ్లి అన్నం తినలేకపోయాను.

మర్నాడే ధామన్‌కర్ నాకాలో షేర్ రిక్షా ఎక్కి కళ్యాణ్ వెళ్లి, లోకల్ పట్టుకుని ముంబైలో వాళ్ల యూనివర్సిటీకి చేరాను. ఫీల్డ్‌వర్క్ చూసే మేడమ్ మర్యాదగా కూర్చోబెట్టి చాయ్ తెప్పించింది. "ఫీల్డ్‌వర్క్ ముగిసింది కదా సిస్టర్. జూలైలో కొత్త బ్యాచ్ వస్తుంది" అంది హిందీలో.

"జూలైదాకా రాజేశం ఊపిరితిత్తుల్ని ఎక్కడ దాచమంటారు మేడమ్?" అన్నాను. ఇక ఆగలేదు. "మా నర్సుల్లో హ్యాండోవర్ అని ఉంటుంది. డ్యూటీ దిగేటప్పుడు మంచం పక్కన నిలబడి, రోగి చూస్తుండగా, తర్వాతి నర్సుకు అతన్ని అప్పగించి పోతాం. మీరు మనుషుల మనసుల్లో ఇల్లు కట్టుకుంటారు, పరీక్షలు రాగానే తాళం వేసుకుని వెళ్లిపోతారు. మీ పిల్లకు మార్కులొస్తాయి. మా మనిషికి?"

వెనక్కి తిరిగితే గుమ్మం దగ్గర ప్రాజక్త నిలబడి ఏడుస్తోంది. "నేను వచ్చి చెబుతా, వింటాడు" అంది.

"వింటాడు. నువ్వు పోగానే మళ్లీ మానేస్తాడు" అన్నాను. అంతలో నాకో సంగతి తట్టింది. "ఆ ఒడిబియ్యం వండావా?"

వండలేదట. అత్తగారు నాసిక్‌లో ఉంటారు, ఇంకా వెళ్లనే లేదు, డబ్బాలోనే ఉన్నాయి అంది. ఒడిలో పోసిన బియ్యాన్ని ఆడపిల్ల అత్తగారింట్లో వండి అయినవాళ్లకు పెట్టాలి. అది జరిగేదాకా ఆ సాగనంపడం పూర్తయినట్టు కాదు. "శుక్రవారం ఆ డబ్బా పట్టుకుని మా ఇంటికి రా. వాళ్లిద్దరినీ పిలుద్దాం. సాగనంపడం ఇంకా పూర్తి కాలేదని వాళ్లకే తెలుస్తుంది. అప్పుడు వాళ్ల ముందే మందు నా చేతిలో పెట్టు" అన్నాను.

వచ్చింది. మా పొయ్యి మీద పసుపన్నం వండింది. అడుగంటించింది కూడా. వంట రాదని తెలిసి నాకు కొంచెం హాయిగా అనిపించిన మాట నిజం. మేడమ్ కూడా వచ్చి చాప మీద కూర్చుంది. భోజనాలయ్యాక ప్రాజక్త మందు నా చేతిలో పెట్టి, రాజేశంతో "కాకా, ఇంక సిస్టర్ ఇస్తది. నేను ఇచ్చినట్టే" అంది వచ్చీరాని తెలుగులో.

రాజేశం లచ్చవ్వ వైపు చూశాడు. లచ్చవ్వ మా పొయ్యి వైపు చూసి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"ఓ అయ్యో! బిడ్డ ఒడిబియ్యం గీ పొయ్యి మీద ఉడికినయంటె, గీమె బిడ్డకు అత్తనాయె. మనకు ఇయ్యపురాలాయె గదయ్యా!"

వియ్యపురాలు! పన్నెండేళ్ల సిస్టర్ ఒక్క పూటలో వియ్యపురాలైపోయింది. రాజేశం చటుక్కున సర్దుకుని కూర్చుని చేయి చాపాడు. "ఇట్ల తే ఇయ్యపురాలా. నీ మాట కాదంటె రేపు మా బిడ్డను సతాయిస్తవ్" అన్నాడు. అందరం పడీపడీ నవ్వాం. నేనిచ్చిన మందు అతని గొంతు దిగింది.

ఆ ఏడు నుంచి ఆ విభాగం పద్ధతి మార్చుకుంది. వెళ్లిపోయే విద్యార్థి కొత్త విద్యార్థినీ నన్నూ వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, అక్కడ ఇంత తిని అప్పగించి పోవాలి. మేడమ్ దాన్ని హ్యాండోవర్ అనేది. మా గల్లీవాళ్లు అప్పగింతలు అనేవారు. చదువుకున్నవాళ్లు బస్తీకి వచ్చి మనుషుల్ని గెలుచుకోవడం కష్టమేమీ కాదు. గెలుచుకున్న మనిషిని అక్కడే ఉండేవాళ్ల చేతిలో పెట్టి వెళ్లడమే అసలు పని. ఈ కేసు నాకు నేర్పింది అదే.

చివరి పరీక్షలో రాజేశం కఫంలో క్రిములు లేవని తేలిన రోజు, రిపోర్టు పట్టుకుని నేనే వాళ్లుండే ఒంటిగది ఖోలీకి పరుగెత్తాను. ఇన్ని నెలలు వెంటపడి మింగించినదాన్ని కదా, ఏదో ఒక మంచి మాట అంటాడనుకున్నాను. రాజేశం కళ్లు తుడుచుకున్నాడు.

"ఇయ్యపురాలా, ముందుగాల బిడ్డకు ఫోన్ కొట్టు" అన్నాడు.

కొట్టాను, కడుపు మండుతూనే. అత్తను కదా, ఆ మాత్రం మంట నాకు ఉండొచ్చు.