నాన్నను బల్లకు దూరం చేసిన ప్రశ్న

మొన్న షేక్‌పేట ఫ్లైఓవరు మీద ఆటోలో వెళుతుంటే డ్రైవరు ఫోనులో ఒక పాత భక్తిపాట మొదలైంది. పల్లవికీ చరణానికీ మధ్య వచ్చిన వయొలిన్ వినగానే పోల్చుకుని, అది మా నాన్న వాయించిందని చెప్పాను. "మీ నాయనకు దేవుడంటే శాన భక్తి ఉన్నట్టుంది గదమ్మా" అన్నాడతను. అవునని తలూపాను గాని, ఏ దేవుడని అడిగి ఉంటే ఈ వయసులోనూ తడబడేదాన్నే.

మేం గుంటూరు వైపు క్రైస్తవులం. సినిమావాళ్లు మద్రాసు విడిచి ఇటు తరలివస్తున్న రోజుల్లో నాన్న కూడా వయొలిన్ పెట్టె పట్టుకొని వచ్చి, బోరబండలో ఇల్లు అద్దెకు తీసుకొని, ఫిల్మ్ నగర్‌లోని ఒక రికార్డింగ్ థియేటర్లో కుదిరారు. ఆదివారం చర్చిలో కీర్తనలకు, మిగతా రోజుల్లో సినిమా పాటలకు, మధ్యమధ్య దేవుళ్ల పాటల క్యాసెట్లకు వాయించేవారు. ఈ చివరి సంగతి మా చర్చి సంఘంలో ఎవరికీ తెలియదు. నాన్న దాచిందీ లేదు, ఎవరూ అడిగిందీ లేదు.

అప్పుడు నేను ఎమ్మే చరిత్ర చదువుతున్నాను, అందులో మతాల చరిత్ర ఒక పేపరు. దేవుణ్ణి ఫలానా విధంగా నమ్ముతున్నామంటూ చిన్నప్పటి నుంచి చర్చిలో కంఠతా చెప్పే విశ్వాస ప్రమాణం ఆకాశం నుంచి అలాగే దిగివచ్చిందనుకున్న నాకు, పూర్వం బిషప్పులు సభ తీరి, కుమారుడైన యేసు తండ్రితో సమానుడా, తక్కువా అని వాదించుకొని మాటమాటా తేల్చారనీ, ఓడినవాళ్లను దేశం నుంచి వెళ్లగొట్టారనీ చదివాక అన్నం సహించలేదు. దేవుడు ఎలాంటివాడో మనుషులు కూర్చుని తేల్చితే, తేల్చకముందు ఆయన ఎలా ఉన్నట్టు? తరువాతి అధ్యాయాల్లో భక్తికవులూ, సూఫీలూ వచ్చారు. పుస్తకం మూస్తే అందరూ ఒక్కడినే పిలుస్తున్నట్టుండేది, తెరిస్తే ఎవరి దేవుడు వారికే అన్నట్టుండేది.

ఆ తికమకలోనే, చదువుకున్నదాన్నన్న గర్వం కూడా కొంత తోడై, ఒక శనివారం చర్చిలో జరిగే యవ్వనస్తుల కూటంలో లేచి అడిగాను. "దేవుడు ఒక్కడే కదండీ, మరి మా నాన్న వేరే దేవుళ్ల పాటలకు వయొలిన్ వాయిస్తే అది ఎవరికి చేరుతుందండీ?"

కూటం నడిపే సంఘపెద్ద నా ప్రశ్న సంగతి వదిలేసి, "మీ నాన్నగారు అవి కూడా వాయిస్తారా?" అన్నారు.

మరుసటి వారం ఇద్దరు పెద్దలు ఇంటికొచ్చి, అమ్మ ఇచ్చిన టీ ముట్టకుండానే, ఆ పాటలు మానేదాకా ప్రభువు బల్ల దగ్గరకు, అంటే నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే సంస్కారానికి, రావద్దని చెప్పారు. అందుకు నాన్న, "రావద్దంటే రానండీ. వాయించడం మాత్రం మానలేను" అన్నారు. వాళ్లు వెళ్లాక నేను ఏడుస్తుంటే, "నువ్వడిగింది తప్పేం కాదమ్మా. నాకూ జవాబు తెలీదు" అన్నారు. తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

ఒక సెలవురోజు నాన్న వెంట థియేటరుకు వెళ్లి అద్దానికి ఇవతల నిలబడ్డాను. మా ఇంట్లో అన్నానికి ముందు చేసే ప్రార్థనే పెదవులు కదుపుతూ చేసుకొని, నాన్న అమ్మవారి పాటకు వయొలిన్ మీదికి కమాను ఎత్తారు. నా చిక్కు చాలదన్నట్టు, షేక్‌పేట నుంచి వచ్చే వాచ్‌మన్ తాత పక్కకొచ్చి, "మీ నాయన వాయిస్తుంటే నాకు దర్గా కాడ కూసున్నట్టే ఉంటది బిడ్డా" అన్నాడు.

ఏడాదిన్నర పాటు నాన్న కీర్తనలకు వాయించడం, అందరూ బల్ల దగ్గరకు వెళ్లేటప్పుడు వచ్చి వెనక బెంచీ మీద కూర్చోవడం జరిగింది. నేనూ ఆయన పక్కనే కూర్చునేదాన్ని. అమ్మ ఒక్కతే వెళ్లి వచ్చేది. ఆ తరువాత వచ్చిన కొత్త పాస్టరుగారు సంగతి విని, ఎవరితోనూ వాదం పెట్టుకోకుండా, ఒక ఆదివారం రొట్టె పట్టుకొని మా బెంచీ దగ్గరకే నడిచివచ్చారు. నాన్న లేచి నిలబడి నావైపు చూశారు. నేను చెయ్యి చాచాక గాని తాను చాచలేదు. పెద్దలు క్షమించమనలేదు, నాన్నా ఆశించలేదు.

నాన్న పోయి చాలా ఏళ్లయింది. ఆ సభల చరిత్రనే కాలేజీలో ఏళ్లతరబడి పాఠం చెప్పి రిటైరయ్యాను గాని, దేవుడి గురించి అప్పటికంటే ఎక్కువ తెలిసిందని చెప్పలేను. ఇప్పుడు మా చర్చిలో ఎవరు బయట ఏం వాయిస్తున్నారో ఆరా తీసేవారు లేరు, ఎవరినీ బల్లకు దూరంగా ఉంచడం లేదు. అలాగే, కూటంలో లేచి దేవుడెలాంటివాడండీ అని అడిగే పిల్లలూ కనబడడం లేదు. ఇందుకు సంతోషించాలో, దిగులుపడాలో నాకు తెలియడం లేదు.