వేడి సంకటిలో కలిపిన పొడి

నాయన మోకాళ్ళు అరిగిపోయాయని గొర్రెల మందను అమ్మించింది నేనే. రాచర్ల దగ్గరి మా ఊరి నుంచి ఆయనను గిద్దలూరు తెచ్చి నా దగ్గరే పెట్టుకున్నాను. అప్పటి నుంచి ఆయన మాట్లాడటం మానేశాడు. దానికి తోడు, దగ్గుకు వాడిన యాంటీబయాటిక్స్‌తో కడుపు కూడా చెడింది.

డాక్టరు పొడి ప్యాకెట్లు రాశాడు. వాటిలో మేలు చేసే బాక్టీరియా ఉంటుందట. "కడుపుకూ మెదడుకూ సంబంధం ఉందండీ. కడుపు కుదురుకుంటే మనసు కూడా కాస్త తేలికపడొచ్చు. ఖాయమని మాత్రం చెప్పలేను" అన్నాడు. ఆ చివరి ముక్క నేను చెవిన వేసుకోలేదు. నాయన దిగులు కడుపులోనే పుట్టిందంటే నా తప్పేమీ లేనట్టే కదా!

రోజూ పొద్దున్నే పొగలు కక్కే సంకటిలో ఆ పొడి కలిపి పెట్టాను. రెండు వారాలకు కడుపు కుదుటపడింది. ఒకరోజు వీధిలో పోతున్న మేకల్ని చూసి నాయన, "ఆ నల్లది కుంటుతాంది, చూడు" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

డాక్టరుకు గొప్పగా చెప్పాను. ఆయన నవ్వాడు. "వేడి సంకటిలోనా? ఆ వేడికి బాక్టీరియా చచ్చిపోతుందండీ. చల్లటి మజ్జిగలో కలపాలి."

మరి నాయనను మాట్లాడించింది ఏది? చచ్చిన బాక్టీరియానా? ఆ కుంటి మేకా? కడుపు దానంతటదే బాగై మనసును కూడా లేపిందా? నాకు బుర్ర తిరిగిపోయింది. బడిలో పిల్లలకు సైన్సు చెప్పేవాణ్ణి, ప్యాకెట్ మీద రాసింది చదవలేదు. నా చదువు తగలెయ్య!

మర్నాడు మజ్జిగలో కలిపి గ్లాసు అందించాను.

"ఏందిరా ఈ పొడి, రోజూ?"

"కడుపుకు, నాయనా. మనసుకు కూడా మంచిదంట."

"నా మనసుకేమైంది? జీవాల్ని అమ్మించినావని నీ మింద కోపమొచ్చింది. అంతే."

"ఇప్పుడు తగ్గిందా?" అన్నాను.

ఆయన మజ్జిగ తాగి, మూతి తుడుచుకున్నాడు.

"తగ్గినట్టే ఉండాది. ఏంటికి తగ్గిందో నాకే తెలీదు."

నాకూ తెలియదు. నన్ను క్షమించాడా, కడుపు బాగై మెత్తబడ్డాడా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేకున్నాను. సిగ్గు మాత్రం ముంచుకొచ్చింది. మందను అమ్మే ముందు ఆయనను అడగలేదు. అమ్మాక కూడా, నాయనకు ఏమైందని డాక్టరును అడిగాను తప్ప నాయనను అడగలేదు.