నాలుగు కాంటాల ఫరా

ఎవరైనా పిలిస్తే ఫరా ముందు చూపుడువేలు ఎత్తుతుంది. కళ్ళు కంప్యూటర్ తెరమీదే ఉంటాయి. రాస్తున్న వరుస పూర్తయ్యాక వేలు దిగుతుంది. అప్పుడు "చెప్పండి" అంటుంది. ఇంట్లో అమ్మ బీబీజాన్ నుంచి యార్డులో హమాలీల దాకా అందరికీ ఆ వేలు తెలుసు.

ఫరాది వనపర్తి. తండ్రి అబ్దుల్ రహమాన్ తూకం కాంటాలు బాగు చేస్తాడు. ఆమె పాలిటెక్నిక్‌లో కంప్యూటర్లు చదివి, బిజినేపల్లి దగ్గర ఒక పల్లికాయ కొనుగోలు యార్డుకు ప్రోగ్రాం రాసింది. నాలుగు కాంటాలు, ఒక కంప్యూటర్. కాంటా దగ్గర మీట నొక్కితే తూకం తెరమీద రైతు పేరు పక్కన పడాలి. ఎవరి సాయమూ లేకుండా ఆమె రాసిన మొదటి ప్రోగ్రాం అది.

శనివారం ఆగిపోయింది.

మొదటి కాంటామీద కోడేరు రైతు కురుమూర్తి బస్తా ఉంది. ఆయన మీట నొక్కనివ్వలేదు.

"మా ఆడామె చూడంది మొదటి బస్తా జోకం. మా ఇంట్ల గంతే," అన్నాడు. తూకం చూడాల్సిన భార్య యాదమ్మ వచ్చే బస్సు ఇంకా రాలేదు.

ప్రోగ్రాం మొదటి కాంటాను అడిగింది. దాని జవాబు వచ్చేదాకా రెండోదాన్ని అడగదు. మిగతా మూడింటి దగ్గరా మీటలు నొక్కుతూనే ఉన్నారు. తెర కదలలేదు. అరగంట గడిచింది.

"మీ లగ్గానికి గూడ ఇంతమంది నిలబడలే కురుమూర్తీ," అన్నాడు యార్డు నడిపే దేవరాజు. నలుగురు నవ్వారు. తర్వాత ఆయనే బస్తా దింపించాడు. కురుమూర్తి తన బస్తాలన్నీ ఒక పక్కకు చేర్పించుకున్నాడు. యాదమ్మ బస్సు దిగేసరికి ఆనాటి తూకాలు ముగిశాయి. వాళ్ళ బస్తాలు సోమవారానికి యార్డులోనే ఉండిపోయాయి.

దేవరాజు ఫరా వైపు తిరిగాడు. "సోమారం గూడ గిట్లనే ఆగితే కంప్యూటర్ తీసేస్త అమ్మా. కాయితం మీద రాసుకుంటం. కాయితం ఎన్నడు ఆగలే."

ఆదివారం పొద్దున ఫరా మళ్ళీ మొదలుపెట్టింది. ఒక్కో కాంటా జవాబు కోసం రెండు సెకన్లే చూడమని రాసింది. చదివింది. అది కూడా ఎదురుచూపే, ముక్కలు చేసిన ఎదురుచూపు. చెరిపేసింది.

కాంటాలను ప్రోగ్రాం నేరుగా చదవదు. ఆపరేటింగ్ సిస్టమ్‌లోని కెర్నెల్‌ను అడుగుతుంది, పరికరాలతో మాట్లాడే ఆ భాగం చదివి ఇస్తుంది. ఇన్నాళ్ళూ ఆమె ఒక్కటి అడిగి నిలబడింది. ఇప్పుడు నాలుగు విన్నపాలూ ముందే రాసి ఒక వరుసలో పెట్టింది. ఒకే పిలుపుతో నాలుగింటినీ కెర్నెల్‌కు అప్పగించింది. ఏ కాంటా ముందు పలికితే దాని జవాబు ఇంకో వరుసలో పడుతుంది. ప్రోగ్రాం ఆ రెండో వరుసనే చూస్తుంది. పలకని కాంటా విన్నపం అలాగే ఉంటుంది, ఎవరికీ అడ్డం కాదు.

మధ్యాహ్నం తండ్రి దుకాణంలో, బాగుకు వచ్చిన నాలుగు కాంటాలను తీగలతో కలిపారు. రహమాన్ రెండోదానిమీద ఐదు కిలోల రాయి, మూడోదానిమీద పది కిలోల రాయి పెట్టి రెండు మీటలూ ఒకేసారి నొక్కాడు. తెరమీద రెండింటికీ పదే పడింది.

"రెండూ ఒక్కటే మాట చెప్తున్నయి బేటీ."

"కాంటాలు సరిగున్నయా అబ్బా?"

"నేను బాగు చేసినయి. నీదే చూడు."

చూసింది. జవాబులు వచ్చి పడడానికి ఆమె కెర్నెల్‌కు చూపించిన చోటు ఒక్కటే. ముందు వచ్చిన తూకం మీద తర్వాతది పడింది. ఒక్కదాన్నే అడిగిన రోజుల అలవాటు అది. ఒక్కో విన్నపానికి వేరే చోటు ఇచ్చి, కాంటా అంకె తగిలించింది. మళ్ళీ నొక్కారు. ఐదు. పది. రహమాన్ మొదటి కాంటామీద రాయి పెట్టి, మీట నొక్కకుండా వదిలేసి చాయ్ తాగడానికి పోయాడు. మిగిలిన మూడింటినీ ఫరా ఒక్కతే నొక్కుతూ కూర్చుంది. మూడూ పలికాయి.

మర్నాడు పొద్దున తూకాలు మొదలుకాకముందే ఆమె కురుమూర్తి దగ్గరికి పోయింది.

"కాకా, అందరికంటె ముందు నీ బస్తానే ఎక్కియ్యి. ఒకటో కాంటమీద."

"యాదమ్మ ఇయ్యాల గూడ ఇంక బస్సులనే ఉంది బిడ్డా. మల్ల అందరు నన్నే తిడ్తరు."

"ఆమె వచ్చేదాంక మీట నొక్కనియ్యకు. నేనే చెప్తున్న."

కురుమూర్తి ఆమెను ఒకసారి చూసి హమాలీని పిలిచాడు. బస్తా ఎక్కింది. దేవరాజు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఫరా కంప్యూటర్ ముందు కూర్చుని ప్రోగ్రాం నడిపించింది. మూడో కాంటా తూకం తెరమీద పడింది. తర్వాత నాలుగోది. కురుమూర్తి పేరు పక్కన ఖాళీగానే ఉంది. ఫరా దాన్ని అలాగే ఉండనిచ్చి, రెండో కాంటా దగ్గర నిలబడ్డ రైతును పేరు అడిగింది.