కొమురెల్లి కాక పాట, మహమూద్ భాయ్ బెల్టు

అమెరికాల బాకా ఊదుట్ల అందరికంటె పెద్దోడని పేరు వడ్డ మనిషి ఒకాయన ఉండెనట. ఆయన ఊదిన పాటను ఆయనకంటె బాగ వాయించే మనిషి మా గోదావరిఖనిల ఉన్నడు. పేరు కొమురెల్లి. నాకు కాక అయితడు. బాకా ఎన్నడు ముట్టలే. సన్నాయి ముట్టలే. పెండ్లిల డప్పు కొట్టుమంటె సుత సిగ్గువడి ఇంటెనుక నిలవడ్డ మనిషి. అయినా సరే, నా మాట నమ్మాలె. ఇంజనీరింగ్ అంటె నడుమల ఇడిసిపెట్టిన గాని, అబద్ధాన్ని నడుమల ఇడిసిపెట్టే రకం కాదని నాకు మా వాడల పేరున్నది.

కాకది రామగిరి దిక్కు ఊరు. బదిలీ వర్కర్‌గ, అంటె రానోళ్ల జాగల పని చేసేటోడిగ, బొగ్గుబాయిల దిగిండు, పంపు ఖలాసీగ రిటైరయిండు. పంపు ఖలాసీ అంటె బాయి అడుగున ఊరే నీళ్లను పైకి తోలే పంపు కాడ కావలి కూసునే మనిషి. షిఫ్టంత ఒక్కడే. పంపు నడిస్తె పక్కోడు అరిచినా ఇనరాదు, పంపు ఆగితె అందరు ఉరికొస్తరు. గందుకే కాకకు మాట్లాడే అలవాటు తప్పింది. ఏదడిగినా "ఏమో" అంటడు. పిల్ల నచ్చిందా అని పెండ్లిచూపులల్ల అడిగితె సుత "ఏమో" అన్నడని ఐలవ్వ చిన్నమ్మ ఇప్పటికీ దెప్పుతది. ఒకసారి పంపు ఖరాబైతె కాక బాయిల నీళ్లన్ని చెంబుతోటి ఎత్తి గోదారిల పారబోసిండని నేను చాన మందికి చెప్పిన. గది అబద్ధం. ఇగ ముంగట చెప్పేది నిజం.

ఒక ఏడు కాలు బెణికి కాకకు బాయిల దిగే పని తప్పించి, పైన గెస్ట్‌హౌజ్‌ల తేలిక డ్యూటీ ఇచ్చిండ్లు. కొత్త మిషను బిగించెతందుకు వచ్చిన పరదేశం ఇంజనీర్లు అప్పుడు అండ్ల ఉండేటోళ్లు. ఒకాయన డ్యూటీ దిగి రాంగనే బూట్లు సుత ఇప్పకుండ ముందుగాల టేపు పెట్టేటోడట. రోజు అదే టేపు. కాక చూసి చూసి, పాపం ఈయన తాన ఇంకో క్యాసెట్ లేదేమో, గరీబోడేమో అనుకున్నడు. జాలి పడి మంచిర్యాలకు పోయి ఒక సినిమా పాటల క్యాసెట్ కొనుక్కొచ్చి ఆయన బల్ల మీద పెట్టిండు. ఆయన రెండు చేతులు జోడించి తీసుకున్నడు. తన దేశం పోయేనాడు ఆ క్యాసెట్ తెచ్చి కాక చేతుల పెట్టి పోయిండు. అక్కడ ఆయన మన సినిమా పాటలు ఇన్నడో లేదో మనకు తెల్వది. ఇక్కడ కాక మాత్రం ఒక టేప్‌రికార్డర్ కొన్నడు, క్యాసెట్ ఏసిండు, ఇగ తియ్యలే.

ఆ పాటల మాటలు లేవు. లావుపాటి తీగె ఒకటి ఏదో కత మొదలువెట్టినట్టు గునుగుతుంటది, తక్కినోళ్లు ఊఁ కొడుతుంటరు. జర సేపటికి బాకా ఆయన వస్తడు. నోట్ల రుమాలు కుక్కుకొని ఊదినట్టు ఉంటది. ఎవలికీ ఎక్కడికీ పోయేది లేదు. బస్సు రాదని తెలిసినంక సుత బస్టాండుల కూసున్నోళ్ల లెక్క నిమ్మళంగ ఉంటరు. ఇంతే. పగటి బువ్వ తినంగనే కాక ఇది పెట్టుకొని గోడకు ఒరుగుతడు. ఏమున్నదయ్యా అండ్ల అని చిన్నమ్మ అడిగితె "ఏమో". చిన్నమ్మకు సుత అది లేకుంటె పగటినిద్ర పట్టదు. అడిగితె మాత్రం, కోపం తోటి నిద్ర వడుతది అంటది.

మా క్వార్టర్ల లైన్ల వామనరావు సారు ఉంటడు. మంథని ఆయన, బడిల పాఠాలు చెప్పి రిటైరయిండు, పాట తెలిసిన మనిషి. ఒకనాడు కాక ఇంటి ముంగట నుంచి పోతూ ఆగిండు. లోపటికొచ్చి కూసున్నడు. తొడ మీద ఏళ్లు ఆడించుకుంట, ఇదంత ఒక్క రాగమే, ఒక్కదాన్ని పట్టుకొని అందరు అండ్లనే తిరుగుతున్నరు, మన పద్ధతే అని తేల్చిండు. కాక తల ఊపిండు. ఇంతల సారు మొగం మాడ్చుకున్నడు. అందరు కలిసి ఒక మెట్టు పైకి జరిగిండ్లట, అక్కడ జర సేపు కూసొని మల్ల కిందికి దిగి, ఏం తెల్వనట్టు ఉన్నరట. ఎందుకు జరిగినట్టు, ఎందుకు దిగినట్టు అని ఆయన కాకను అడిగిండు. కాక "ఏమో" అన్నడు. తప్పు ఎక్కడున్నదో పట్టుకుంట అని సారు వారంవారం వచ్చి ఇంటుండు. ఇంకా దొరకలే.

అసలు ముచ్చటకొస్త. ఈ ఎండకాలం మొదట్ల కాకను దవాఖానకు తీస్కపోయిన. చెవులు చూసిన డాక్టరమ్మ, ఎడమది అయిపోయింది, కుడిది మెల్లగ తగ్గుతున్నది, వయసు తోటి వచ్చేదే అన్నది. చెవిల మిషను పెట్టుకుంటె మాటలు తెలుస్తయట. మరి పాట, అని కాక అడిగిండు. కాక నోటి నుంచి ప్రశ్న రావుడు నేను చూసుడు అదే మొదటిసారి. పాట సంగతి చెప్పలేమన్నది. బండి మీద వస్తుంటె ఎనుకనుంచి నా భుజం పట్టుకొని అన్నడు, "ఇనవడ్డన్ని రోజులు ఇంట బిడ్డ. మిగిలింది యాది చేసుకుంట."

ఇంటికి పోయి టేపు పెట్టిండు. కిర్రుమని తెగింది.

కాక క్యాసెట్ చేతుల పట్టుకొని గోడకు ఒరిగిండు. చిన్నమ్మ బువ్వ పెడితె తిన్నడు, చాయ్ పోస్తె తాగిండు. తిట్టితె సుత తిట్టించుకున్నడు. రెండో రోజుకు చిన్నమ్మకు తిట్లు అయిపోయినయ్. నన్ను పిలిచి, నీ ఫోన్ల దొరకనిది లేదని ఊరంత దండోర కొడుతవు గదా, ఇప్పుడు చూపియ్యి అన్నది.

చూపిద్దమనే పోయిన. పాట పేరు తెల్వది, క్యాసెట్ మీద రాసింది ఎప్పుడో అరిగిపోయింది. కాకను ఫోన్ ముంగట కూసోవెట్టి కూనిరాగం తియ్యుమన్న. కాక తీసిండు. ఫోన్ ఒకసారి భజన అన్నది, ఒకసారి పండ్లు తోమే పొడి అడ్వటైజు అన్నది, మూడోసారి ఎదురుంగ మనిషి లేడన్నట్టు ఊకున్నది. ఇట్ల కాదని, మాటలు లేని పాత బాకా పాటలు అని రాసి ఎతికిన. ఇగో, అన్నిటికంటె పైననే ఉన్నది. నీలిరంగు బొమ్మ. దాని కింద లోకంల ఉన్న జనమంత రాసి పెట్టుకున్నరు. ఒకామె కాన్పు నొప్పులల్ల ఇన్నదట. ఒకాయన వాళ్ల నాయిన పెట్టంగ చిన్నప్పుడు విసుక్కున్నడట, ఇప్పుడు ఆయనే పెట్టుకుంటుండట. లారీ నడిపేటోడు, జైల్ల ఉండి వచ్చినోడు, పెద్ద చదువు చదివినోడు. ఎందుకు ఇంటున్నరో ఒక్కడన్న సరిగ చెప్తడేమో అని ఏలు నొచ్చేదాక కిందికి జరిపిన. అందరు రాసిన దాన్ని తెలుగు చేస్తె ఒక్కటే మాట అయితది. ఏమో.

నేను ఛాతి ఉబ్బించుకొని కాక కుడిచెవి కాడ ఫోన్ పెట్టిన. కాక కండ్లు మూసుకొని ఇన్నడు. తెరిచిండు.

"ఇది కాదు."

అదే కాక అన్న. కాదన్నడు. తీగె గునుగుడు అదే, ఊఁ కొట్టుడు అదే, నాకు సుత యాదికున్నది గదా. కాదన్నడు. వీళ్లకు ఎక్కడికో జల్ది పోయేదున్నదట, మావోళ్లు గట్ల కాదట. వామనరావు సారును పిలుచుకొచ్చిన. ఆయన ఇని, రాగం అదే అన్నడు, శ్రుతి మాత్రం అది కాదన్నడు. అదేనా కాదా సారు అంటె, అదే గాని కాదు అన్నడు. ఇగ నాకు తల తిరిగింది.

తెల్లారి కాకను, టేప్‌రికార్డర్‌ను, తెగిన క్యాసెట్‌ను కలిపి బండి మీద ఎక్కించి మహమూద్ భాయ్ దుకాణానికి పోయిన. మహమూద్ భాయ్ అంటె గోదావరిఖనిల ఇప్పటికీ టేప్‌రికార్డర్లు బాగు చేసే ఒకే ఒక్క మనిషి. మీదికెళ్లి పడ్డ విమానాన్ని సుత పేచ్‌కస్ తోటి విప్పి ఎగిరిస్తడు. ఎగిరిచ్చిండని చెప్తలేను, ఎగిరిస్తడు అంటున్న. ఆయన తెగిన టేపును సన్నపు ప్లాస్టర్ తోటి అతికిండు. డబ్బా ఇప్పిండు. లోపట మోటరుకు, చక్రానికి నడుమ రబ్బరు బెల్టు ఉంటది. దాన్ని ఏలు తోటి ముట్టంగనే అది ముక్కలై రాలింది. కొత్త బెల్టు ఏసిండు, దుమ్ము ఊదిండు, నూనె సుక్క ఏసిండు, మీట నొక్కిండు.

పాట మోగింది. గల్లీల పోయేటోళ్లు సుత ఆగిండ్లు, గంత సాఫ్‌గ ఉన్నది.

కాక మొగం చిన్నగ అయింది. "ఇది సుత కాదు" అన్నడు.

నా ఫోన్ల మోగింది కాదు, సరే. కాక సొంత క్యాసెట్, సొంత డబ్బా, అది సుత కాదంటె ఇగ ఏది? మహమూద్ భాయ్ గడ్డం గోక్కుంట అడిగిండు, "కాకా, మీ పాట ఇంకా మెల్లగ ఉండెనా? ఇంకా లావుగ ఉండెనా?"

రెండు అన్నడు కాక.

మహమూద్ భాయ్ నవ్వబోయి ఆగిండు. రాలిన బెల్టు ముక్కలను అరచేతుల ఏసుకొని చెప్పిండు. బెల్టు ఏటేటా వదులైతదట. వదులైతె చక్రం మెల్లగ తిరుగుతది, పాట మెల్లగ అయితది, గొంతు కిందికి దిగుతది. ఒక్కనాడు దిగితె తెలుస్తది, ఏండ్లకేండ్లు దిగితె ఎవలికీ తెల్వది. అంటె మా కాక ముసలోడు అవుకుంట వచ్చినకొద్ది, అండ్ల బాకా ఆయన సుత కాక తోటే ముసలోడయిండు. ఫోన్ల ఉన్నాయన ఇంకా పడుచోడే.

కాక ఒక బెల్టు ముక్కను తీసుకొని అటు ఇటు తిప్పి చూసిండు. "అయితె ఆ ఇంజనీరు పెట్టినప్పుడు గిట్లనే ఉండెనా" అన్నడు. ఉండే ఉంటది అన్న. మరి అప్పుడు గిదే గదా నీకు నచ్చింది అన్న. "నచ్చిందో లేదో యాదికి లేదు" అన్నడు.

ఏ పాట నచ్చింది, ఏ పాటకు అలవాటు వడ్డడు, అసలు పాట ఏది, ఇవన్ని నాకు అప్పుడు తెల్వలే, ఇప్పుడు సుత తెల్వది. నేను ఫోన్ల వేగం తగ్గించి చూసిన. పాట మెల్లగ అయింది గాని గొంతు కిందికి దిగలే. నడక మా బాకా ఆయనదే, గొంతు ఇంకెవలదో అన్నడు కాక. ఇగ మిగిలింది ఒక్కటే తొవ్వ. కొత్త బెల్టును ఖరాబు చెయ్యాలె. ఆ మాట అంటె మహమూద్ భాయ్‌కి నిజంగనే కోపం వచ్చింది.

"పోరగానిగ ఉన్నప్పటి సంది బాగు చేసుడే నేర్చుకున్న," అన్నడు. "ఖరాబు చేసుడు నాకు రాదు. గది మీ ఇండ్లల్ల చేసుకొని నా తానకు తేవాలె."

ఇంట్ల ఉపాయం చెప్పింది ఐలవ్వ చిన్నమ్మ. రబ్బరే గదా, ఎండల ఏస్తె సాగుతది, మీ కాక చెడ్డీల రబ్బరు నాడాలు నేను ఎన్ని ఖరాబు చెయ్యలే అన్నది. మాకు ఎండకు కొదువనా. రామగుండం ఎండల కాకులు సుత ఎగిరేటప్పుడు ఒకదాని నీడల ఒకటి పోతయ్. చెక్కకు రెండు మొలలు కొట్టి, బెల్టును వాటికి గుంజి తొడిగి, బాత్రూం రేకుల మీద పెట్టినం. ఎక్కువ సాగితె తెగుతది, తెగితె ఆ సైజుది ఇంకోటి లేదు. అందుకని కాక గొడుగు పట్టుకొని దాని పక్కన నిచ్చెన మీద నిలవడ్డడు. గొడుగు తనకు, బెల్టుకు కాదు. బాయిల పంపును కాసినట్టే కాసిండు. పొద్దుగూకంగ బెల్టు తీసి డబ్బాల ఏసుడు, ఇనుడు, ఇంకా కాలే అనుడు. తెల్లారి మల్ల రేకుల మీదికి.

మహమూద్ భాయ్ రానన్నోడు, జుమ్మా నమాజు అయినంక పని ఉన్నట్టు మా లైన్లకొచ్చిండు. నిచ్చెన ఎక్కి బెల్టును చిటికెనేలు తోటి గుంజి చూసిండు. అటుదిక్కు మొల జర జరపాలె, ఒక్క జాగలనే సన్నగైతుంది, ఖరాబు చెయ్యాలంటె సుత ఒక పద్ధతి ఉంటది అని కాకను కోపం చేసిండు. మొల జరిపినంక, చాయ్ తాగినంక, తనే బెల్టు తీసి డబ్బాల ఏసిండు. వామనరావు సారు వచ్చి కుర్చీల కూసున్నడు. మీట నొక్కిండ్లు.

తీగె గునిగింది. మెల్లగ, లావుగ, పాత బండి గుట్ట చడావు ఎక్కినట్టు. చిన్నమ్మ చేతులున్న చాట కింద పెట్టింది. కాక కుడిచెవిని డబ్బాకు ఆనిచ్చి కండ్లు మూసుకున్నడు. తక్కినోళ్లు ఊఁ కొట్టిండ్లు, బాకా ఆయన వచ్చిండు, నోట్ల రుమాలు కుక్కుకొని, నా కాకంత ముసలోడై. ఇదేనా అని మహమూద్ భాయ్ సైగ చేసిండు. కాక చెయ్యి ఎత్తి ఊకోమన్నడు. క్యాసెట్ ఆ దిక్కు అయిపోయేదాక ఆ చెయ్యి దించలే.

ఇదంత రాసి నేను కాక కుడిచెవి కాడ గట్టిగ చదివిన. అమెరికా ఆయనకంటె నువ్వే బాగ వాయించినవని, ఎండను పట్టుకొని పాట వాయించినోడు లోకంల నువ్వొక్కడివే అని అన్న. కాక మొత్తం ఇన్నడు. టేపును ఇంకో దిక్కు తిప్పి ఏసుకుంట అన్నడు, "నేనేం వాయించలే బిడ్డ. బెల్టు వదులయింది."