ఖాళీ కూత

వెనకబడిన జట్టు ఆఖరి క్షణంలో గెలిస్తే లోకం దాన్ని ధైర్యఫలమంటుంది. ఆ గెలుపును అవతలి పక్షం నుంచి చేజేతులా అందించినవాడు కూడా ఒకడుంటాడు. వాడి సంగతి క్రీడావ్యాఖ్యాతలకూ పట్టదు, వేదాంతులకూ పట్టదు. రాజోలు దగ్గర మా లంకగ్రామంలో మాత్రం వాడి పేరు పిల్లలకు కూడా తెలుసు: కృపానందం.

కృపానందం ప్రొఫెషనల్ కబడ్డీ లీగులో ఆడాడు. మహా ఆటగాడని అనలేను. ఎడమ మూలన నిలబడి, కూతకొచ్చినవాడి చీలమండ దొరకబుచ్చుకునేవాడు. ఆ ఒక్క పట్టే అతని విద్య. ఒక సెమీఫైనల్లో అతని జట్టు మొదటినుంచీ ఆధిక్యంలో ఉండి, చివరి కూత వేళకు ఇంకా రెండు పాయింట్లు ముందుంది. వచ్చినవాణ్ణి ముట్టుకోకుండా పోనిస్తే చాలు. కృపానందం కాలు పట్టాడు. సాయానికి మరో ఇద్దరు మీద పడ్డారు. వాడు ముగ్గురినీ ఈడ్చుకుంటూ మధ్యగీతను అందుకున్నాడు. మూడు పాయింట్లు వాళ్ళకు, ఓటమి వీళ్ళకు. ఆ దృశ్యాన్ని టీవీవాళ్ళు సంగీతం జోడించి పదే పదే చూపించారు.

ఎందుకు పట్టాడో బయటివాళ్ళకు బోధపడదు. మా ఊళ్ళో కూతకొచ్చినవాణ్ణి ఖాళీగా పంపడం పరువుతక్కువ, ఎంత ముందున్నా సరే. గోదావరి ఇసుకలో అతనికి ఆ నీతి నూరిపోసినవాడు ఊరి కబడ్డీ సంఘం పెద్ద గంగబాబు. వదిలేసినవాణ్ణి ఇసుకలో మోకాళ్ళ మీద నడిపించేవాడు.

తర్వాతి సీజనుకు ఏ జట్టూ పిలవలేదు. ఊరికి వచ్చేశాడు.

టీకొట్టు వీరాయమ్మ గ్లాసు చేతికిస్తూనే అందుకుంది. "ఆ కాలొదిలేస్తే నీ సొమ్మేం పోయేదయ్యా? పారిపోయే కోడిపెట్టని పట్టినట్టు పట్టేసేవు."

"పట్టమనే నేర్పేరు గదండీ."

"నేర్పినోళ్ళు టీవీలో పడలేదు. నువ్వు పడ్డావు."

కృపానందం ఊరి ఆడపిల్లల జట్టుకు కోచ్‌గా ఉంటానన్నాడు. అదీ దక్కకపోతే ఆటలో అతనికిక చోటు లేదు. గంగబాబు షరతు పెట్టాడు.

"మండలాల టోర్నమెంటు గెలిపించు, ఉంచుతాం. ఓడేవంటే నీ దారి నీది. ఓడించడం నీకు అలవాటే గదా."

"ఆయ్," అన్నాడు కృపానందం. అది అంగీకారమే గాని, మా వైపు ఆ మాటలో ఉండే మర్యాద కాదు.

ఫైనల్ కొత్తపేటలో, కొత్తపేట జట్టుతోనే. సగం ఆట గడిచేసరికి మన పిల్లలు చాలా వెనకబడ్డారు. గంగబాబు వరసలోంచి లేచి వెళ్ళిపోవడానికి చెప్పులు వెతుక్కున్నాడు. తర్వాత కెప్టెన్ బ్లెస్సీ ఒక్కో పాయింటూ లాక్కొచ్చింది. ఆఖరి కూతకు మనమే ముందున్నాం.

"ముట్టుకోవద్దు బ్లెస్సీ. వెనక్కి," అన్నాడు కృపానందం.

మనవాళ్ళే అరిచారు. "పట్టండే! గాజులు తొడుక్కున్నారా?"

"ఆటకి ముందే తీసేసేమండీ," అంది బ్లెస్సీ, వెనక్కి జరుగుతూనే.

కొత్తపేట పిల్ల అటూ ఇటూ తిరిగింది. ఎవరూ అందలేదు. ఊపిరి చాలక ఖాళీగా వెనుదిరిగింది. వెనకబడిన మా జట్టు గెలిచింది. మా ఊరి వరసల్లో ఒక్క చప్పట్టూ మోగలేదు.

కప్పు చంకన పెట్టుకుని గంగబాబు కోచ్ దగ్గరికి వచ్చాడు. "ఇదా గెలవడం? కూతకొచ్చినదాన్ని పేరంటానికొచ్చినట్టు సాగనంపేరు."

"గెలిపిస్తే ఉంచుతానన్నారండి."

"ఊరి పరువు తీసి గెలిపించమన్నానా? రేపట్నించి రాకు."

"పట్టినందుకు తిట్టేరు. వదిలినందుకు తిడుతున్నారు. మీకు కావలసింది ఆట కాదు లెండి, తిట్టడానికో మనిషి."

"అయితే ఆ మనిషివి నువ్వే," అని గంగబాబు వ్యానెక్కాడు. అందులో కృపానందానికి చోటుంచలేదు.

సమూహం సంప్రదాయమని పిలిచేదాంట్లో సగం, తన తప్పును మోసే మరొక భుజం కోసం వెతుకులాట. కృపానందానికి ఇంత తర్కం అక్కర్లేకపోయింది. మైదానం అవతల కొత్తపేట సంఘంవాళ్ళు తల వంచుకుని చాపలు చుడుతున్నారు. అతను వాళ్ళ దగ్గరికి నడిచాడు. వాళ్ళు ఓడినవాళ్ళు; తమను ఓడించిన కోచ్‌తో మాట్లాడడానికి వాళ్ళకేమీ అభ్యంతరం లేకపోయింది.