బల్లకు అవతలి కుర్చీ

టైలరమ్మ సంగతి చెప్పాలంటే ముందు ఆవిడ బల్ల సంగతి చెప్పాలి. అది పుట్టుకతో బల్ల కాదు, తలుపు. ఎవరిదో పాత ఇల్లు పడగొడుతుంటే, ఆవిడ భర్త, సిటీ బస్సు డ్రైవరు, ఆ తలుపును అడిగి తెచ్చి రెండు చెక్క స్టాండ్ల మీద పడుకోబెట్టాడు. తాళం ఊడబీకిన చోట కన్నం అలాగే ఉండిపోయింది. దాని కింద ఆవిడ చిన్న గుడ్డసంచి కుట్టి తగిలించింది కాబట్టి ఇప్పుడు అందులో పెన్సిళ్లు నిలబడతాయి. ముందుగదిలో కిటికీ పక్కన ఆ తలుపు మీదే ఆవిడ ప్యాంట్లు కత్తిరిస్తుంది, చొక్కాలకు కాలర్లు వేస్తుంది, ఇద్దరు పిల్లలకు చదువు చెబుతుంది. మూడు పనులూ ఒకే పూట.

పిల్లల్ని బడికి పంపకపోవడమేమిటి, చోద్యం కాకపోతే, అనుకునేవాళ్లు అనుకున్నారు. అది ఎవరూ పనిగట్టుకుని మొదలెట్టింది కాదు. మూడేళ్ల కిందట పెద్దవాడు మెట్ల మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. నాలుగు నెలలు సిమెంటు కట్టుతో బల్ల పక్కన కూర్చోవలసి వచ్చింది. పాఠాలు వెనకబడకూడదని వాళ్లమ్మ మిషను తొక్కుతూనే చదివి వినిపించడం మొదలుపెట్టింది. బడిలో నోట్లో నాలుక లేనట్టుండే పిల్లాడు ఇంట్లో ఒక్కో వాక్యానికి మూడు ప్రశ్నలు వేశాడు. కట్టు విప్పేనాటికి వాడికి ప్లీడరు అని పేరొచ్చింది. కాలు బాగైంది కానీ, మళ్లీ బడికి పంపుదామన్న మాట మాత్రం ఇంట్లో ఎవరి నోటా రాలేదు.

చిన్నది గుండుసూది. మనిషి అంతే ఉంటుంది, పోటూ అలాగే ఉంటుంది. మూడేళ్లప్పుడు దానికి కత్తెర కనిపిస్తే చాలు, చెయ్యి ఆగేది కాదు. ఒకసారి ఎవరి పెళ్లి కోటుకో మూడో జేబు పెట్టబోయింది. అందుకని టైలరమ్మ ఒక ఎత్తు కుర్చీ తెచ్చి బల్లకు అవతలి పక్కన వేసింది. సూదికీ, కత్తెరకూ, పిల్లకూ మధ్య తలుపు వెడల్పంత దూరం ఉండేలా చూసుకుంది. ఇవతల కిటికీ వైపు తను, తన కుడిపక్కన ప్లీడరు, ఇద్దరి ముందూ తెరిచిన పుస్తకం. అవతల గుండుసూది, దాని ముందు డబ్బాడు గుండీలు. మూడేళ్లుగా ఆ ఇంట్లో అవే చోట్లు. చిన్నదానికి అప్పుడే పుస్తకాలేం తొందరని ఎవరూ పాఠం చెప్పలేదు.

ఆ ఇంట్లో చదువు చూడ్డానికి చదువులా ఉండదు. లైనింగు గుడ్డను మడిస్తే సగం, ఇంకోసారి మడిస్తే పావు, మడతల దగ్గర లెక్క తప్పితే ఎవరి చొక్కాకో చెయ్యి పొట్టిదవుతుంది. ఒకాయన వచ్చి, గుడ్డ మిగిలితే మీరే ఉంచేసుకున్నారని టైలరమ్మ మీద విరుచుకుపడ్డాడు. ఆవిడ నోరు తెరిచేలోపే ప్లీడరు అదే రకం గుడ్డలో మీటరు ముక్క కొలిచి, నీళ్లలో ముంచి, ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టి, మళ్లీ కొలిచి చూపించాడు. కత్తిరించేముందు తడిపితే చాలు, అయిదు సెంటీమీటర్లు మాయం. మీ గుడ్డను మీ గుడ్డే తినేసిందండీ అన్నాడు. ఆయన ఆ నెలలోనే ఇంకో రెండు జతలు కుట్టించుకున్నాడు.

మధ్యాహ్నం డ్యూటీ దిగి డ్రైవరు వచ్చాడంటే పాఠం నేల మీదికి దిగుతుంది. కటింగు కాగితం పరిచి తన బస్సు రూటంతా గీస్తాడు. స్టాపుకో గుండీ. పిల్లలు ప్రయాణికులు, ఈయన తలమీద టోపీతో ముందు కూర్చుంటాడు. ఇక్కణ్నుంచి అక్కడికి ఎంత దూరం, ఎన్నింటికి చేరతాం, దార్లో టైరు పంక్చరైతే ఎంత ఆలస్యం, అన్నీ చెబితేనే బండి కదులుతుంది. ఒకరోజు డిపో చేరేలోపే డ్రైవరు గుర్రు పెట్టాడు. ప్రయాణికులు ఆయన మీద లైనింగు గుడ్డ కప్పి, టోపీ తీసి పొట్ట మీద పెట్టి, చప్పుడు చేయకుండా దిగిపోయారు. అది చూసి టైలరమ్మ నవ్వాపుకోలేక మిషను ఆపేసింది. ఆవిడకు ఆ బతుకంటే ప్రాణం. ఇంతకన్నా ఏం కావాలి అని రోజుకోసారైనా అనుకునేది.

అలా నిశ్చింతగా ఉన్నప్పుడే విద్యాశాఖ నుంచి ఉత్తరం వచ్చింది. ఇంట్లో చదువుకునే పిల్లల్ని ఏడాదికోసారి ఒక అధికారి వచ్చి చూస్తాడు. ఇన్నాళ్లూ ప్లీడర్ని మాత్రమే చూసి వెళ్లేవారు. ఈసారి గుండుసూదికి ఆరేళ్లు నిండాయి. ఆరు నిండిన పిల్ల తేలిక వాక్యాలు చదవగలగాలి. అనుమతి ఇంటికంతా ఒక్కటే కాబట్టి ఒకరికి రాకపోయినా ఇద్దరూ బడిలో చేరాల్సిందే. గడువు నెల రోజులు.

టైలరమ్మ ఆ రోజే అక్షరాల పుస్తకం తీసుకుని బల్ల చుట్టూ తిరిగి వెళ్లి గుండుసూది ముందు పెట్టింది. పిల్ల దాన్ని గిర్రున తిప్పింది. తల్లి సరిచేసి పెట్టింది. పిల్ల మళ్లీ తిప్పింది. ఆటలొద్దు, తిప్పకు అని తల్లి గదమాయించింది. అంతే, పిల్ల పెదాలు బిగించేసింది. ఆ మర్నాడూ అదే, ఆ పై వారమూ అదే. ఒక్కో అక్షరానికి మెడ వంచి, పక్కకు ఒరిగి, కుర్చీలోంచి వేలాడి, చివరికి సగం చెప్పి సగం మింగేది. త్వరగా చెప్పవే అని తల్లి రోజుకు ఇరవైసార్లు అనేది. తల ప్రాణం తోకకొచ్చి ఒకరోజు వీపు మీద ఒకటి వేసింది కూడా. వేసి, వంటగదిలోకి పోయి కుళాయి తిప్పి ఆ చప్పుడులో ఏడ్చింది.

ఆ నెలలోనే ఇంకోటి జరిగింది. ప్లీడరుకు కథ చదివి వినిపిస్తూ ఉంటే మిషనులో దారం తెగింది. ఆవిడ వాక్యం మధ్యలో ఆపి సూదిలో దారం ఎక్కిస్తోంది. అవతలి కుర్చీలోంచి గుండుసూది, గుండీలు పేర్చుకుంటూనే, ఆ వాక్యం పూర్తి చేసింది. విని విని నోటికొచ్చింది పిల్లకి, చదవడం మాత్రం రాదు అని తల్లి నిట్టూర్చింది. అది ముందురోజే లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకమని ఆ కంగారులో ఆవిడకు తట్టలేదు. కంగారుపడే మనిషికి కళ్లెదుట ఏనుగు నిలబడ్డా కనపడదు.

డ్రైవరుగారి అక్క ముప్పై ఏళ్లుగా బడిపంతులమ్మ. ఆదివారం వచ్చి, మా బడిలో రెండు సీట్లు ఆపి ఉంచానని చెప్పింది. ఆవిడ చెడ్డమనిషేం కాదు, చెడ్డగా అనాలనీ అనలేదు. వెళ్లేముందు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ మాత్రం ఒక మాట అంది.

"కోటు చెడితే ఇంకో గుడ్డ తెచ్చుకోవచ్చమ్మా. పిల్లలు చెడితే ఎక్కణ్నుంచి తెస్తావు?"

"నాకూ అదే భయంగా ఉంది వదినా," అంది టైలరమ్మ.

అబద్ధమాడే ఓపిక కూడా లేదు ఆవిడకు. భర్త మాత్రం, బండి లేటయినంత మాత్రాన డిపోకి చేరకుండా పోదు, ఊరుకో అన్నాడు. అన్నాడే కానీ, రేపు విద్యాశాఖ ఇన్‌స్పెక్టరు వస్తాడనగా ఆ సాయంత్రం ఆయన కూడా అన్నం సగంలో లేచిపోయాడు.

వచ్చినాయన సన్నగా, నెమ్మదిగా ఉన్నాడు. పూర్వం పంతులుగా చేశాడట, చేతిరాత ముత్యాల్లా గుండ్రంగా ఉంది. చొక్కా మూడో గుండీ ఒక్క పోగు మీద వేలాడుతోంది. టైలరమ్మ చూపు మాటిమాటికీ దాని మీదికే పోతోంది. అంత భయంలోనూ చెయ్యి సూది కోసం వెతుకుతోంది. వెలుతురు బాగుంటుందని ఆయన్ని తన చోట్లో కూర్చోబెట్టింది. ప్లీడరు లెక్కలు చేశాడు, చదివాడు, గుడ్డ కుంచించుకుపోయే సంగతి చెప్పి, ఆయన చొక్కా కూడా కొనేటప్పుడు ఇంతకన్నా పొడుగుండి ఉండాలని తేల్చేశాడు. ఆయన నవ్వి, మార్కులు వేసుకున్నాడు.

తర్వాత గుండుసూది వంతు. ఆయన ఒక చిన్న పుస్తకం తెరిచి అవతలికి జరిపి, పిల్ల ముందు సరిగ్గా పెట్టాడు. పిల్ల చెయ్యి పుస్తకం అంచు మీదికి పోయింది. కుర్చీ వెనకే నిలబడ్డ తల్లి, అలవాటు కొద్దీ ముందుకు వంగి పుస్తకాన్ని కదలకుండా పట్టుకుంది. పిల్ల పెదాలు బిగుసుకున్నాయి. ఆయన తొందరపెట్టలేదు. పేజీ మార్చాడు, ఇంకా తేలికది చూపించాడు, బొమ్మ చూసి చెప్పమన్నాడు. గుండుసూది తల వంచుకుని కూర్చుంది. గుమ్మం దగ్గర యూనిఫాంలో నిలబడ్డ డ్రైవరు టోపీ చేతిలోకి తీసుకున్నాడు.

ఆయన ఒక నిట్టూర్పు విడిచి, పుస్తకం మూసి, ఫారం తీసి రాయడం మొదలుపెట్టాడు. అయిపోయింది, అంతా అయిపోయింది అనుకుంది టైలరమ్మ. గుండుసూది తల ఎత్తింది. బల్లకు అవతల కదిలే కలాన్ని చూస్తూ, గుండీలు లెక్కపెట్టే గొంతుతోనే అంది:

"చిన్న అమ్మాయికి... చదవడం... రాదు. ఇద్దరినీ... బడిలో..." ఆగి, ఆయన వైపు చూసింది. "తర్వాత ఇంకా రాయలేదు మీరు."

కలం ఆగింది.

"నీకెవరు చెప్పారమ్మా ఇది?"

"మీరే రాశారుగా."

ఆయన పిల్లను చూశాడు, ఫారం చూశాడు, మళ్లీ పిల్లను చూశాడు. వేరే కాగితం తీసి తన ముందే పెట్టుకుని, పైకి చెప్పకుండా ఒక వాక్యం రాశాడు. గుండుసూది మోచేతులు బల్ల మీద ఆనించి, ఒక్కో మాటా కూడబలుక్కుని చదివింది. నా చొక్కా గుండీ ఊడిపోయేలా ఉంది, మీ అమ్మ చూస్తూనే ఉంది అని అందులో ఉంది. చదివాక ఆయన చొక్కా వైపు చూసి, నిజమేనని తల ఊపింది. అప్పుడాయన ఇందాకటి పుస్తకం తెరిచి, పిల్ల ముందు మెల్లగా తలకిందులుగా తిప్పి పెట్టాడు. గుండుసూది పేజీ మొత్తం చదివేసింది. తల్లి ఎక్కడ గొంతు పెంచుతుందో అక్కడ పెంచింది, తల్లి ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో అక్కడ తీసుకుంది.

మూడేళ్లుగా తల్లి ముందు తెరిచిన ప్రతి పుస్తకాన్నీ ఆ పిల్ల అవతలి కుర్చీలోంచి చూస్తూనే ఉంది. వినపడే మాటనూ కనపడే అక్షరాన్నీ తనంతట తనే జతచేసుకుంది. అక్షరమంటే దాని కళ్లకు తలకిందులుగానే ఉంటుంది మరి. తన దారిన చదువుకుందామని పుస్తకం తిప్పిన ప్రతిసారీ వాళ్లమ్మ ఎంతో బాధ్యతగా మళ్లీ సరిచేసి పెట్టింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

టైలరమ్మ నేల మీద కూలబడి పిల్ల కాళ్లు పట్టుకుంది.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదే తల్లీ?"

"తిప్పకు అన్నావుగా అమ్మా. తిప్పితే కోప్పడతావుగా."

డ్రైవరు టోపీ తలమీద పెట్టుకుని, మళ్లీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరు రాసినదాన్ని అడ్డంగా కొట్టేసి, కింద ఇంకో లైను కాస్త పెద్ద అక్షరాలతో రాశాడు. కాగితాన్ని పిల్ల వైపు తిప్పలేదు. అక్కర్లేదు కదా. చిన్నమ్మాయి ధారాళంగా చదువుతోంది, ఇంట్లోనే చదువు కొనసాగించవచ్చు అని గుండుసూది ఇంటిల్లిపాదికీ చదివి వినిపించి, ధారాళంగా అంటే ఏంటని అడిగింది. తడుముకోకుండా అని అర్థం చెప్పాడు ప్లీడరు. వచ్చే ఏడాదికి ఇటువైపు నుంచి కూడా చదవాలి సుమా అని మాత్రం ఇన్‌స్పెక్టరు పిల్లతో షరతు పెట్టుకున్నాడు. గుండీ కుట్టనిదే టైలరమ్మ ఆయన్ని గుమ్మం దాటనివ్వలేదు.

మర్నాడు పొద్దున్నే కత్తెర గోడ మీద పై కొక్కేనికి ఎక్కింది. గుండుసూది కిటికీ వైపు, అన్నయ్య పక్కన కూర్చుంది. పుస్తకం వాళ్లిద్దరి వైపు తెరిచి ఉంది. టైలరమ్మ బల్ల చుట్టూ తిరిగి వెళ్లి అవతలి కుర్చీలో కూర్చుంది. ఆ పిల్ల మూడేళ్లు ఏం చూసిందో తనూ ఒకసారి చూడాలనుకుంది. పేజీ వైపు చూస్తే ఒక్క అక్షరం కూడా తెలిసిన అక్షరంలా లేదు. మెడ వంచింది, పక్కకు ఒరిగింది. మొదటి మాటకే రెండు నిమిషాలు పట్టింది. రెండో మాట దగ్గర ఆగిపోయి, తెలీకుండానే చెయ్యి పుస్తకం అంచు మీదికి పోనిచ్చింది, తిప్పుదామని.

గుండుసూది బల్ల మీదుగా వంగి, ఆ మాట కింద వేలు పెట్టింది.

"తిప్పుకో అమ్మా, పరవాలేదు," అంది. "నేను కోప్పడను."

టైలరమ్మ పుస్తకం తిప్పలేదు. కళ్లు తుడుచుకుని, ఆ వేలు చూపించిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టింది.